వడ్డనోడు ఒగ్గని చోటు

కిందటేడు వానలు వెనకపట్టేసరికి మా చర్చి ఫుట్‌బాల్ జట్టు వరసగా ఆరు ఆటలు ఓడింది. ఆరింటికీ కారణం ఒక్కడేనని కనబడిన ప్రతివాళ్లకూ చెప్పాను. వాడు నా తోడబుట్టిన తమ్ముడు కాబట్టి ఇంకాస్త గట్టిగానే చెప్పాను. పరాయివాడైతే నోరు అదుపులో పెట్టుకునేదాన్నేమో.

మా జట్టులో మైదానం నడుమ ఆడేవాణ్ని వడ్డనోడు అంటాం. రంగూన్ రేవులో మూటలు మోయడానికి వచ్చిన మా తాతల కాలం నుంచీ ఉన్న మాట అది. బంతి ఎవరికి దొరికినా ముందు వాడికే ఇవ్వాలి. వాడు తలెత్తి చూసి ఎవరికి ఎంత అందాలో అంత అందించాలి. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు కదా, మా మైదానంలో ఆ సామెత విందు బంతికీ ఆట బంతికీ కూడా సరిపోతుంది. పాతికేళ్లు మా తమ్ముడు కొసరి కొసరి వడ్డించాడు. ఆ పాతికేళ్లూ నేను గట్టు మీద కూర్చుని చూశాను. అందుకే ఇప్పుడు తిట్టే హక్కు నాకుందనుకున్నాను.

ఇంకో అలవాటు కూడా ఆ కాలానిదే. ఎదుటి జట్టుకు అర్థం కాకూడదని ఆటలో కేకలన్నీ తెలుగులోనే వేసుకుంటారు. అన్నిటికన్నా పనికొచ్చే కేక ‘ఒగ్గెయ్’. నీ వైపు వస్తున్న బంతిని ముట్టకు, వదిలెయ్, నీ వెనక మనవాడున్నాడు అని దానర్థం. మా వాళ్లు శ్రీకాకుళం వైపు నుంచి తెచ్చుకున్న మాటల్లో చాలావరకు ఇక్కడ అరిగిపోయాయి. ఇది మాత్రం మిగిలింది.

తమ్ముడికి నలభై ఏడు దాటాయి. ఒకప్పుడు బంతి కాలికి తగలకముందే అది ఎటు పోవాలో చూసిపెట్టుకునేవాడు. ఇప్పుడు బంతి వచ్చాక చూస్తాడు, చూశాక ఆలోచిస్తాడు, ఆలోచన తెగేలోగా అవతలివాడెవడో వచ్చి తన్నుకుపోతాడు. లేదంటే వెనక్కి ఇచ్చేస్తాడు. ముందున్న మా వాళ్లు ఖాళీ విస్తళ్ల ముందు కూర్చున్నట్టు ఎదురుచూస్తూ నిలబడతారు. “ఒరే, ఎదరకెయ్‌రా! ఎనకాల ఎవులున్నారురా, నీ తాతున్నాడేటి?” అని నేను ముక్కాలిపీట మీంచి లేచి మరీ అరిచేదాన్ని. జనం నవ్వేవారు. వాడు నా వైపు తిరిగేవాడు కాదు.

వాణ్ని తీసేస్తే ఎవరిని పెట్టాలి? సేక్కాన్ రేవులో పనిచేసే ఒకతనున్నాడు. బలం ఉంది గాని బంతిని బస్తా విసిరినట్టు విసురుతాడు, ఎక్కడ పడుతుందో అతనికీ తెలియదు. ట్యూషన్లు చెప్పుకునే ఇంకొకాయనకు కాలు చక్కనిదే, పది నిమిషాలకే ఆయాసం. ముప్పై అయిదు లోపువాడంటూ జట్టులో ఒక్కడూ లేడు. కుర్రాళ్లను బలవంతంగా సైన్యంలోకి పిలిచే చట్టం అమలు మొదలైన దగ్గర్నుంచి కొందరు సరిహద్దు దాటిపోయారు, మిగిలినవాళ్లు మేడలు దిగడం మానేశారు. అన్ని జట్లదీ ఇదే గతి. ఆదివారం మధ్యాహ్నం ఏ మైదానంలో చూసినా బట్టతలలే పరుగెడుతుంటాయి.

మేడ దిగడం మానేసినవాళ్లలో మా తమ్ముడి కొడుకు ఒకడు. వాడికి ఇరవై రెండేళ్లు. రంగూన్‌లోనే తామ్వే పేటలో అయిదో అంతస్తులో తమ్ముడు, మరదలు, వాడు, నేను ఉంటాం. ముందుగదిలో నా కుట్టుమిషను ఉంటుంది, లుంగీల అంచులు కలిపి కుట్టి ఇస్తాను. బాల్కనీలోంచి వీధిలోకి ఒక తాడు వేలాడుతుంది, పై కొసకు గంట, కింది కొసకు క్లిప్పు. కూరలవాడు తాడు లాగి గంట మోగించి సంచీ తగిలిస్తే మా మేనల్లుడు పైకి లాక్కుంటాడు. ఏడాదిన్నరగా వాడికీ వీధికీ ఉన్న సంబంధం అదే.

మిగతా పొద్దంతా వాడు గోడకేసి బంతి తంతాడు. కరెంటు ఉన్నా పోయినా ఆ చప్పుడు మాత్రం ఆగదు. కింది అంతస్తు ఆవిడ చీపురు కర్రతో కప్పు పొడుస్తుంది, వాడు రెండు నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెడతాడు. నా మిషను పక్కగా తీసి, కుర్చీ కాళ్ల మధ్యనుంచి జార్చి, తలుపు గొళ్లెం కిందున్న మచ్చకు గురిపెట్టి కొడతాడు, అదీ తల తిప్పకుండా. అలాంటి కాలు నేను వాళ్ల నాన్నకు తప్ప ఎవరికీ చూడలేదు.

వాడికి తెలుగు కొంత అర్థమవుతుంది, నోరు మాత్రం తిరగదు. నేను తెలుగులో తిడితే బర్మా భాషలో జవాబిస్తాడు. ఆట కూడా మేడ మెట్ల దగ్గర వాళ్ల నాన్నతో ఆడి నేర్చుకున్నదే. ఇద్దరే ఆడేచోట వెనకవాడికి బంతి ఒగ్గెయ్యడమనేది ఉండదు, ఆ కేకా ఉండదు. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

భోజనాల దగ్గర రోజూ ఒకటే గొడవ.

“ఒరే, నీ కాల్లు అయిపోనాయి. ఆ చోటు గుంటడికి ఒగ్గెయ్,” అన్నాను ఒకరోజు, మేనల్లుణ్ని చూపిస్తూ.

“నా కాల్లకేటయ్యింది అప్పా? ఇంకో రెండేల్లు ఆడతాను,” అన్నాడు తమ్ముడు అన్నం కలుపుకుంటూ. అక్కను మావాళ్లు అప్ప అంటారు.

“ఆరాటలు పోనాయిరా.”

“పోనీ.”

“పోనీ యేటి? జట్టు పరువు పోతంది.”

వాడు నవ్వి ఇంకో ముద్ద కలిపాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి. మరదలు పళ్లేలు తీస్తూ, “ఆ మాటొగ్గీండి వొదినా,” అంది. బల్ల కింద మేనల్లుడి పాదం బంతిని అటూ ఇటూ దొర్లిస్తోంది.

పరువు కోసం అన్నాను గాని నిజం అది కాదు. మేనల్లుడు మైదానంలో ఆడుతుంటే చూడాలని నాకు కోరిక. ఆ గోడ చప్పుడు వినీ వినీ నాకే ఊపిరాడటం లేదు, వాడికెలా ఉంటుందో అనుకునేదాన్ని. కన్నతండ్రే చోటు పట్టుకు కూర్చుని కొడుక్కి అడ్డం పడుతున్నాడని గట్టిగా నమ్మాను. నది అవతలి తన్లిన్ ఊరి జట్టుతో ఆట ముందురోజు మా జట్టును చూసుకునే పెద్దాయన దగ్గరికి వెళ్లాను. అందరూ ఆయన్ని ఇక్కడి అలవాటున సయా అంటారు, అంటే మాస్టారు. “గుంటణ్ని నాను తెస్తాను సయా, మీరు ఆటలోకి దింపండి,” అన్నాను. ఆయన “ఆల్ల నాన్నకి తెలుసునా అమ్మా?” అని అడిగాడు. తెలుసునన్నాను.

మరదలికి ఇంకో అబద్ధం చెప్పాను. చర్చిలో కుర్చీలు సర్దాలి, సాయానికి మేనల్లుణ్ని తీసుకెళ్తానని. చర్చి రెండు వీధుల అవతలే కాబట్టి సరేనంది. బూట్లు నా కుట్టుబట్టల సంచీలో పెట్టుకుని తన్లిన్ బస్సెక్కాం. వాడు కిటికీకి నుదురు ఆనించి చెట్లను, కొట్లను, మనుషులను అన్నిటినీ చూస్తున్నాడు. బాగో నది వంతెన దగ్గర సైనికులు బస్సు ఆపి గుర్తింపు కార్డులు చూశారు. మా వరస దాకా వచ్చి, ఏమనుకున్నారో, వెనక్కి వెళ్లిపోయారు. నా చెయ్యి వాడి మోకాలి మీద ఎప్పుడు పడిందో నాకు తెలియదు. అప్పుడే దిగి వెనక్కి తీసుకుపోదామా అనిపించింది. కానీ వాడు నా వైపు తిరిగి నవ్వాడు. ఆ నవ్వు చూశాక దిగలేకపోయాను.

తమ్ముడు పొద్దున్నే వెళ్లి మైదానంలో సున్నం గీతలు గీస్తుంటాడు. మేం వెళ్లేసరికి ఆఖరి గీత మీదున్నాడు. కొడుకు బూట్ల తాళ్లు కట్టుకుంటుంటే చూసి, సున్నం డబ్బా చేత్తోనే నా దగ్గరికొచ్చాడు.

“ఏటి సేసినావప్పా?”

“ఒక్కాటరా. ఆడనీ.”

“ఈణ్నొక్కణ్ని ఎనక్కి పంపలేను ఇప్పుడు,” అన్నాడు, నాతో కాదు, తనలో తనే అనుకున్నట్టు. “ఆటయ్యేదాకా నా ఎదరే ఉండనీ.” తను వెనక రక్షణలోకి తప్పుకుని నడిమి చోటు కొడుక్కి ఇచ్చాడు.

ఆ ఇరవై నిమిషాలు నేను చచ్చేదాకా మరిచిపోను. వాడు వడ్డించాడు. ఆరు ఆటలుగా ఆకలితో ఉన్న మా బట్టతలలకు కాళ్ల దగ్గరికి తెచ్చి పెట్టాడు. రేవులో పనిచేసే అతను జీవితంలో మొదటిసారి బంతిని తిన్నగా తన్నాడు, అది గోలైంది. నేను పీట ఎక్కి నిలబడి అరిచాను. గొంతు పోయింది.

అప్పుడే తన్లిన్ వాళ్ల గోలు వెనక రోడ్డు మీద ఒక తెల్ల వ్యాను ఆగింది. ఇద్దరు మగవాళ్లు దిగారు. ఒకతను ఫోను పైకెత్తి ఆటను తియ్యడం మొదలుపెట్టాడు. చుట్టూ చూశాను, వాళ్లెవరో ఎవరికీ తెలిసినట్టు లేదు. బంతి మేనల్లుడి దగ్గరుంది. వెనకనుంచి మా తమ్ముడి కేక వినపడింది.

“ఒగ్గెయ్! ఒగ్గెయ్‌రా!”

వాడి వెనక బంతి అందుకునేంత దగ్గర్లో మనవాళ్లెవరూ లేరు. ఎవరికి ఒగ్గాలి అనుకున్నాను. సైన్యానికి కుర్రాళ్లను పట్టుకుపోయే బళ్లు ఇలాగే వచ్చి ఆగుతాయని మరుక్షణం గుర్తొచ్చింది. తమ్ముడు చెబుతున్నది బంతి సంగతి కాదు, ఆటే వదిలి పొమ్మని. మేనల్లుడు వెనక్కి తిరిగి, మొహమంతా వెలుగుతో బొటనవేలు ఎత్తి చూపించాడు. “ఓకే!” అని అరిచాడు. వాడికి వినపడింది ఓకే. నాన్న మెచ్చుకుంటున్నాడనుకున్నాడు. ఇంకా హుషారుగా బంతిని నడిపించుకుంటూ తిన్నగా ఆ ఫోను వైపే పోయాడు.

పదేళ్లలో అలా పరుగెత్తగా చూడలేదు మా తమ్ముణ్ని. వెనకనుంచి వచ్చి కొడుకు కాళ్లకు అడ్డంపడి నేలకేసి పడగొట్టాడు. సొంత జట్టువాణ్ని, గోలు కొట్టబోతున్నవాణ్ని. జనం ముందు నవ్వారు, తరవాత ముసలాడికి మతిపోయిందని కేకలేశారు. తమ్ముడు ఎవరి మాటా వినకుండా కొడుకును భుజాన వేసుకుని అవతలిపక్క టీకొట్టు వెనక్కి మోసుకుపోయాడు. నేను పీట అక్కడే పారేసి పరుగెత్తాను.

వ్యానులో వచ్చినవాళ్లు ఇంకో అయిదు నిమిషాలు చూసి వెళ్లిపోయారు. వాళ్లెవరో ఈనాటికీ తెలియదు. ఆట కనబడితే ఆగిన దారిన పోయేవాళ్లే అయ్యుండొచ్చు. మా జట్టు ఏడో ఆటా ఓడింది.

టీకొట్టు వెనక తమ్ముడు కొడుకు మడమ ఒళ్లో పెట్టుకుని రాస్తున్నాడు. “ఒగ్గెయ్యంటే ఇనవేటిరా?” అంటున్నాడు. కుర్రవాడు బర్మా భాషలో, “ఓకే అన్నావు కదా నాన్నా,” అని ఏడుస్తున్నాడు. తమ్ముడు చెయ్యి ఆపి నావైపు చూశాడు.

“నానొగ్గీస్తే ఆ చోటుకి ఎవుల్ని అడుగుతారప్పా? ఈణ్నే కదా! నా కాల్లు పోనాయని నాకు తెల్దేటి? ఆరాటలు కాదు, అరవై ఓడతాను.”

ఆరు ఆటలు గట్టు మీంచి నేను అరిచిన ప్రతి అరుపూ గుర్తొచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను. కుంటుతున్నవాణ్ని మధ్యన పెట్టుకుని ఇద్దరం ఇంటికి తెచ్చాం. వంతెన మీద మళ్లీ కార్డులు చూసి వదిలేశారు. మరదలు నాతో నెల్లాళ్లు మాట్లాడలేదు.

మడమ పదిహేను రోజుల్లో తగ్గింది. ఆ ఇరవై నిమిషాలు చూసినవాళ్లు మాత్రం ఊరుకోలేదు, ప్రతి ఆదివారం చర్చి మెట్ల మీద అడుగుతారు, మీ మేనల్లుడు ఎప్పుడు దిగుతాడని. “ఆ వాపింకా తగ్గలేదు,” అంటాను. పది నెలలుగా అదే అంటున్నాను. గట్టు మీద నా పాట కూడా మారింది. తమ్ముడు బంతి వెనక్కి ఇస్తే చప్పట్లు కొడతాను. “మా వడ్డనోడికి సాటెవులు!” అని అరుస్తాను. పోగొట్టుకున్న ఆటలు లెక్కపెట్టడం మానేశాను.

ఒకరోజు మేనల్లుడు మిషను దగ్గరికొచ్చి నిలబడి, “అత్తా, ఒగ్గెయ్ అంటే ఏటి?” అని తెలుగులో అడిగాడు. వాడు నన్ను తెలుగులో అడిగిన మొదటి ప్రశ్న అది. బర్మా భాషలో విడమరిచి చెప్పాను. బంతిని వదిలెయ్యమనడానికి అంటాం, పట్టుకున్న మనిషిని విడిచిపెట్టమనడానికీ అంటాం అని. వాడు రెండు మూడుసార్లు పెదాల మీద అనుకుని గోడ దగ్గరికి పోయాడు.

మొన్న ఆదివారం తమ్ముడు గీతలు గియ్యడానికి పొద్దున్నే వెళ్లాడు. మరదలు చర్చిలో ఉంది. నేను పీట తీసుకుని బయల్దేరబోతుంటే మేనల్లుడు బూట్లు భుజాన వేసుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడి వాడి మణికట్టు పట్టుకున్నాను. వాడు విదిలించుకోలేదు. నా కళ్లలోకి చూసి మెల్లగా అన్నాడు.

“ఒగ్గెయ్ అత్తా.”

పలకడంలో ఒక్క తప్పు లేదు. మా నాన్న పలికినట్టే ఉంది. నాకు చెవులు బాగానే వినిపిస్తాయి.

“ఓకే,” అని నవ్వాను, ఆరోజు వాడికి వినపడినట్టే నాకూ వినపడిందన్నట్టు. వాడి భుజం మీంచి బూట్లు తీసుకుని, బయటికొచ్చి తలుపుకు తాళం వేశాను. మెట్లు దిగుతూ గోడకు బంతి తగిలే చప్పుడు కోసం చెవి పెట్టాను. వీధిలోకి వచ్చేదాకా వినపడలేదు.