పొగ రాని కుంపటి

మొన్న చలికాలంలో మా పక్క వాటాలో కొత్తగా చేరిన దంపతులు బాల్కనీలో బొగ్గుల పొయ్యి పెట్టారు. చేత్తో పట్టుకుపోయేంత చిన్న గ్రిల్లు కొనుక్కొచ్చి, దానికి వాళ్లే చక్రాలు బిగించుకుని, మూతకి గాలి తగ్గించే బిళ్ల అమర్చుకుని, నన్ను పిలిచి మరీ చూపించారు. "పొగ అస్సలు రాదాంటీ!" అందా అమ్మాయి మురిసిపోతూ. మొక్కజొన్న కండె కాలుతున్న కమ్మటి వాసన, దాని అడుగున నిప్పందుకుంటున్న బొగ్గు వాసన. ఆ రెండోది ముక్కుకి తగలగానే ఏదో వంక చెప్పి ఇంట్లోకొచ్చి, కిటికీలన్నీ బార్లా తీసి, వంటింట్లో నిలబడి గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాను. అరవై దాటిన మనిషి మొక్కజొన్న కండె కాల్చే పొయ్యికి భయపడిందంటే నవ్వుతారు. నవ్వండి, నాకేం ఫర్వాలేదు.

డెబ్బైల్లో నేను నందిగామలో అమ్మమ్మ దగ్గరుండి చదువుకునేదాన్ని. కార్తీకం వచ్చిందంటే ఆ పెంకుటింట్లో తెల్లవారుజామున నేల మీద కాలు పెట్టలేకపోయేవాళ్లం. పెరట్లో ఎండుమిరపకాయల ఘాటు, దొడ్లో తడిసిన గడ్డి వాసన, వంటింట్లో అమ్మమ్మ కాచే వెన్న వాసన, వీటన్నిటి మధ్యా ఎప్పుడూ ఏదో ఒక మూల కుంపటి రాజుకుంటూ ఉండేది. పాలు కాగడానికి, జుట్టు ఆరబెట్టుకోవడానికి, అప్పడాలు కాల్చుకోవడానికి అదే. పెనుగంచిప్రోలు వైపు నుంచి బండి మీద తుమ్మబొగ్గుల బస్తాలు వచ్చేవి. సగం కాలీ కాలని ఆ బొగ్గులతో మా మట్టి కుంపటి ఇల్లంతా పొగబెట్టేది. దాని దగ్గర కూర్చున్నవాళ్లు దగ్గి దగ్గి, కళ్లు తుడుచుకుంటూ తలుపు తీసుకుని బయటికి పరుగెత్తేవాళ్లు.

మా మామయ్య హైవే మీద లారీలు బాగుచేసే షెడ్డులో పనిచేసేవాడు. పారేసిన వస్తువు ఏది కనబడినా దాన్ని ఇంకోటి చేసేదాకా అతనికి నిద్ర పట్టదు. ఆ ఏడు విమల పిన్ని పురిటికి జగ్గయ్యపేట అత్తవారింటి నుంచి రావడంతో, చెల్లెలి గదిలోకి మంచి కుంపటి చెయ్యాలని పట్టుబట్టాడు. చిల్లు పడ్డ ఇనపబకెట్టు తెచ్చి, బంకమట్టిలో ఊక కలిపి కాళ్లతో తొక్కి, లోపల నాలుగువేళ్ల మందాన మెత్తి, వారంపాటు నీడన ఆరబెట్టాడు. సైకిలు పుల్లలతో జల్లెడ అల్లాడు. కింద బూడిద తియ్యడానికి జరుపుడు తలుపు పెట్టాడు. అడుగున లారీ బేరింగులు మూడు చక్రాల్లా బిగించాడు. వీటన్నిటికీ మించి మూత: పౌడరు డబ్బా మూత తిప్పితే చిల్లులు తెరుచుకుని మూసుకుంటాయి చూడండి, అచ్చం అలాగే రెండు రేకుల్ని ఒకదాని మీద ఒకటి అమర్చాడు. చిల్లులు సగం మూస్తే పొద్దున వేసిన బొగ్గు సాయంత్రందాకా కణకణలాడుతూ ఉండేది. బొగ్గుని కూడా ముందే పెరట్లో బాగా కాల్చి, పొగంతా పోయాక తెచ్చి పోసేవాడు. వీధి వీధంతా వచ్చి చూసిపోయింది. నేను దాన్ని తాడుకట్టి వసారాలో లాక్కుంటూ తిరిగి, తన్నులు కూడా తిన్నాను.

పిన్నికి ఆడపిల్ల పుట్టింది. బాలింతని వీధిగదిలో పడుకోబెట్టారు. ఆ గదిలోకి వెళ్లడమంటేనే నాకు బెదురు. చీకటి, వాము ధూపం, శొంఠి, నువ్వులనూనె, పులిసిన పాల వాసన, చెవుల్లో దూది కుక్కుకుని నుదుటికి గుడ్డ కట్టుకున్న పిన్ని, పక్కన గుప్పెడంత పిల్ల. బాలింతకి గాలి తగిలితే గుర్రపువాతం కమ్మి, ఒళ్లు కొంకర్లు పోయి చచ్చిపోతుందని అమ్మమ్మ భయం. ఆమె తోడబుట్టినదొకతె అలాగే పోయిందట. అందుకని కిటికీ సందుల్లో పాత చీరముక్కలు కూరింది, గుమ్మం కింద గోనెపట్టా దోపింది. తలుపు తీసినవాళ్లు రెప్పపాటులో దూరి, వెనకనే దగ్గరికి వెయ్యాలి. మర్చిపోయినందుకు ఒకసారి నా వీపు చిట్లింది. ఆ తర్వాత ఎప్పుడూ మర్చిపోలేదు.

పదో రోజో పదకొండో రోజో ముసురు పట్టింది. పిన్ని తల పగిలిపోతోందనడం మొదలుపెట్టింది.

"గాలి తగిలిందే నీకు. ఎక్కడో సందుంది," అని అమ్మమ్మ వెతికి వెతికి, దూలం పక్కన పెంకుల కింద ఉన్న బెత్తెడు కంతలో కూడా గుడ్డలు కుక్కించింది. మర్నాటికి నొప్పి పెరిగింది. బొగ్గు ఇంకాస్త వేశారు. అయినా పిన్ని మొహం ఎర్రగా నిగనిగలాడుతుంటే, "చూడు, వెచ్చదనానికి ఎలా రంగొచ్చిందో!" అని అమ్మమ్మ మెటికలు విరిచింది. పాత కుంపటే అయితే పొగకి ఉక్కిరిబిక్కిరై గంటకోసారి ఎవరో ఒకరు తలుపు బార్లా తీసేవాళ్లు. ఇది మంచి కుంపటి కనక ఆ అవసరమే రాలేదు.

వానకి బడి మూసేశారు. అమ్మమ్మ వంటింట్లో ఉండి, నన్ను పిన్నికి తోడు కూర్చోమంది. కాసేపటికి నా కణతలు టకటకా కొట్టుకోసాగాయి. పిల్లని చూశాను. పాల కోసం గుక్కపట్టి ఏడ్చేది కాస్తా చప్పుడు లేకుండా పడుంది. పిన్నిని పిలిచాను. ఊఁ అనలేదు, కళ్లు మాత్రం సగం తెరిచే ఉన్నాయి. నిద్రపోతోందనుకున్నానా? అనుకోలేదు. ఏదో జరుగుతోందని నాకు తెలిసింది, ఒళ్లంతా తెలిసింది. కడుపులో తిప్పుతుంటే లేచి, గోడ పట్టుకుని బయటికి వచ్చాను. వచ్చి, తలుపు దగ్గరికి వేశాను. గోనెపట్టా కాలితో నొక్కి సరిచేశాను కూడా.

అరుగు మీద వాంతి చేసుకుని అక్కడే ముడుచుకుని పడుకున్నాను. అమ్మమ్మని పిలవాలి. పిలిస్తే, పిన్నిని వదిలి ఎందుకొచ్చావంటుంది. తలుపు తీసి చూస్తే గాలి తగిలి పిన్ని చచ్చిపోతుంది, అది నా వల్లే అవుతుంది. తొమ్మిదేళ్ల బుర్ర అంతకు మించి పోలేదు. చూరు నీళ్లు బొట్లు బొట్లుగా పడుతుంటే చూస్తూ ఉండిపోయాను. ఎంతసేపన్నది నాకు ఇప్పటికీ తెలియదు.

భోజనానికొచ్చిన మామయ్య నన్ను చూసి ఆగాడు. "ఏమే, ఇక్కడ పడుకున్నావేం?"

"తలనొప్పి మామయ్యా. పిన్ని మాట్టాడట్లా."

అతని మొహం పాలిపోయింది. షెడ్డు తలుపులేసి ఇంజను నడిపితే మనిషికి ఏమవుతుందో అతనికి బాగా తెలుసు. తెలిసీ, తన కుంపటికీ దానికీ లంకె పెట్టుకోలేదు. తలుపు కాలితో తన్ని లోపలికి దూరి, పిల్లని తెచ్చి నా ఒళ్లో పడేసి, పిన్నిని చంకల కింద చేతులేసి ఈడ్చుకుంటూ వాకిట్లో వానలోకి తెచ్చేశాడు.

అమ్మమ్మ కేక పెట్టి పరుగెత్తుకొచ్చింది. "ఒరేయ్, చంపేస్తావురా! గాల్రా! వాన్రా! పచ్చి బాలింతరా అది!"

"నువ్వు తప్పుకోవే అమ్మా!" అని అరిచాడు. తల్లిని అతనలా గదమడం నేనెప్పుడూ వినలేదు.

నా ఒళ్లో పిల్ల తోటకూర కాడలా వేలాడుతోంది. వాన చినుకులు దాని మొహం మీద పడుతున్నాయి. ఏడవవే, ఏడవవే అని నేను ఏడుస్తున్నాను. ఎంతకో దాని పెదవి వంకర తిరిగింది, చిన్నగా కీచుమని గొంతొచ్చింది. పిన్ని కక్కుకుని, కళ్లు తిప్పింది. రిక్షాలో వేసుకుని వెళ్తే డాక్టరు, మూసిన గదిలో బొగ్గు నుంచి పుట్టే, వాసన లేని విషపు గాలి పీల్చారనీ, ఇంకాసేపుంటే దక్కేవాళ్లు కాదనీ చెప్పాడు. పిల్లకి తెలివి ఎలా ఉంటుందో ఎదిగితేగాని చెప్పలేమన్నాడు.

భయమంతా అప్పుడు మొదలైంది మాకు. మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆ పిల్ల చెవి దగ్గర చప్పట్లు కొట్టని రోజు లేదు. ఆ తర్వాత రెండేళ్లపాటు, బోర్లా పడిందా, పాకిందా, పిలిస్తే చూసిందా అని జగ్గయ్యపేట నుంచి వచ్చిన ప్రతి ఉత్తరంలోనూ అమ్మమ్మ అదే వెతుక్కునేది. మామయ్య కుంపటి మట్టి రాలగొట్టి, ఇనుము పాత సామాన్లవాడికి ఇచ్చేశాడు. షెడ్డులో పని మానలేదు గాని, మళ్లీ సొంత ఊహతో ఏదీ చెయ్యలేదు. పిల్ల నాలుగు మాటలు కలిపి మాట్లాడిన రోజున పెరట్లోకి పోయి ఏడ్చాడట. ఎనభైల్లో నేను కాలేజీకి వెళ్లేనాటికి ఇంటికి గ్యాసుబండ వచ్చింది. ఇప్పుడా పిల్ల జగ్గయ్యపేటలో లెక్కల టీచరు, నోరు విప్పితే ఆపడం కష్టం.

ఇంతకీ ఆ కథలో నేను దేవతని. నేను బయటికొచ్చి చెప్పకపోతే ఇద్దరూ పోయేవాళ్లని చుట్టాలందరికీ పిన్నే చెబుతుంది. నా పెళ్లిలో చెప్పింది, నా కూతురి పెళ్లిలోనూ చెప్పింది. ప్రతిసారీ నేను తలొంచుకుంటే సిగ్గనుకున్నారు.

అమ్మమ్మ లేదు, మామయ్య లేడు. వీధిగది ఉన్నచోట సెల్‌ఫోన్ల కొట్టు ఉంది. బాలింతలిప్పుడు ఫ్యాను కింద పడుకుంటున్నారు. పక్కవాళ్లు గ్రిల్లు చూపించిన ఆ సాయంత్రం ఇక ఉండబట్టలేక పిన్నికి ఫోన్ చేసి మొత్తం చెప్పేశాను: తలుపు వేసిందీ, గోనెపట్టా నొక్కిందీ, అరుగు మీద నోరు మూసుకుని పడుకున్నదీ.

"నాకు తెల్సే," అంది పిన్ని. "నువ్వు తలుపేస్తుంటే చూస్తానే ఉన్నా. పిలుద్దామంటే నాలిక కదల్లా."