బత్తాయిల లెక్కలో దొరికిన పాట

పన్నెండు నిమిషాల షార్ట్ ఫిల్మ్‌కు సంగీతం చేయడానికి ఒప్పుకున్నప్పుడు, అందుకోసం బంద్ రోజున ఎల్బీనగర్ దాకా వెళ్లాల్సి వస్తుందని అనుకోలేదు. నా స్నేహితుడు యాదగిరి తన పెద్దమ్మ లక్ష్మమ్మ గురించి తీసిన సినిమా అది. వాళ్లది నల్గొండ దగ్గరి ఊరు, ఆమె ఉండేది ఎల్బీనగర్‌లో. ఆమె ఇరవై ఏళ్లు గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో బత్తాయిలు ఏరింది. చూపు పోయాక ఆరేళ్లుగా అటువైపు వెళ్లలేదు. సినిమాలో మరొకామె ఆమెగా నటించి, ఒంటరిగా మార్కెట్‌కు నడిచి వెళ్తుంది. నేను కీబోర్డు మీద వయొలిన్లు పెట్టి మూడు రకాల బాణీలు కట్టాను. యాదగిరి మూడూ విని, "మంచిగనే ఉన్నయి పద్మా. కానీ మా పెద్దమ్మకు ఇనవడేది గిది కాదు" అన్నాడు.

ఆమెకు ఏం వినిపిస్తుందో ఆమెతో నడిస్తేనే తెలుస్తుందనుకున్నాం. నడుద్దామనుకున్న రోజుకే ప్రత్యేక తెలంగాణ కోసం బంద్ ప్రకటించారు. యాదగిరి యూనివర్సిటీలో ధర్నాకు వెళ్లాడు. సినిమా పోటీకి పంపడానికి మూడు రోజులే ఉన్నాయి. వాయిదా వేద్దామని లక్ష్మమ్మకు ఫోన్ చేస్తే, బండ్లు లేని రోజైతేనే తనకు నడవడానికి ధైర్యమని, తప్పకుండా రమ్మని చెప్పింది. మాది తెనాలి. నేను పుట్టింది దిల్‌సుఖ్‌నగర్‌లోనే అయినా ఇంట్లో మాట్లాడేది అక్కడి తెలుగే. గడప దాటుతుంటే అమ్మ, "దారిలో ఎక్కువ మాట్లాడకమ్మా, నీ యాస ఇట్టే తెలిసిపోతుంది" అంది.

రికార్డర్, హెడ్‌ఫోన్స్ సంచిలో వేసుకుని ఉదయం ఏడింటికి బయలుదేరాను. మామూలు రోజుల్లో షేర్ ఆటోకు పది రూపాయలు, పావుగంట ప్రయాణం. ఆ రోజు ఒక ఆటో ఆయన అరవై అడిగి, గల్లీల్లోంచి కొత్తపేట దాకా తెచ్చి, ఇక ముందుకు పోతే అద్దం పగులుతుందని దింపేశాడు. అక్కడి నుంచి నలభై నిమిషాలు నడిచాను. హైవేను అంత ఖాళీగా చూడటం అదే మొదటిసారి. నా చెప్పుల చప్పుడే నాకు కొత్తగా వినిపించింది.

లక్ష్మమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని గుమ్మంలోనే కూర్చుని ఉంది. చాయ్ తాగించి, నా ముంజేయి పట్టుకుని లేచింది. అడుగడుగుకూ ఆగి ఏదో ఒకటి చెప్పేది. గాలి మారింది కాబట్టి ఎడమ పక్క గోడ అయిపోయిందట. ముందు ఎవరో తడి బట్టలు జాడిస్తున్నారట. నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూడా వినలేకపోయినవి ఆమె ముందే వినేది.

కొంత దూరం పోయాక రోడ్డు మధ్యలో బంద్ చేసేవాళ్ల వంటా వార్పు జరుగుతోంది. రాళ్ల పొయ్యిల మీద పెద్ద గుండిగల్లో అన్నం ఉడుకుతోంది, డప్పు మోగుతోంది. నా చేతిలో రికార్డర్ చూసి ఒకాయన వచ్చి ఏ ఛానలని అడిగాడు. ఛానల్ కాదని, సినిమా కోసమని చెప్పాను. ఆ రెండు మాటల యాసకే ఆయన ముఖం మారింది.

"ఏ ఊరు మీది?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "తెనాలండి" అన్నాను. డప్పు ఆగింది. నా గుండె చప్పుడు రికార్డవుతుందేమో అనిపించింది. లక్ష్మమ్మ నా చేయి ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

"నాకు కండ్లు కనవడయి బిడ్డా. పొద్దటి సంది గీ పిల్లనే నడిపిస్తున్నది. అడిగేదుంటే నన్నడుగు."

గుండిగ దగ్గర గరిటె తిప్పుతున్న ఆమె తలెత్తి, "ముసలామెను ఎండల నిలవెట్టి ఏం అడుగుతవన్నా, ముందుగాల బువ్వ తిననీయ్" అంది. ఆయన పక్కకు జరిగి, తనే రెండు విస్తళ్లు తెచ్చి ఇచ్చాడు. వేడి అన్నం, టమాట పప్పు. రికార్డు చేసుకోవచ్చా అని అడిగితే డప్పు కొట్టేవాళ్లు నవ్వి మళ్లీ అందుకున్నారు.

మార్కెట్ చేరేసరికి పదకొండు దాటింది. లారీలు లేవు గానీ, సరుకు కుళ్లిపోకుండా కొందరు ఆడవాళ్లు గడ్డి పరిచి బత్తాయిలు ఏరుతున్నారు. లక్ష్మమ్మ గేటు దగ్గరే ఆగిపోయింది. తిరిగి పోదామంటుందేమో అనుకున్నాను. కాసేపు వాసన పీల్చి, ఆ కుప్ప దగ్గరికి తీసుకుపొమ్మంది. ఎవరికీ ఏమీ చెప్పకుండా కూర్చుని, కాయ తడిమి చూసి గడ్డి పరిచిన గంపలో వేస్తూ లెక్క మొదలుపెట్టింది. మార్కెట్లో ఒకటి అనరు, లాభం అంటారు.

"లాభం... రెండు... మూడు..."

గొంతు సన్నగా సాగింది. కుప్పకు అవతలి నుంచి ఇంకో గొంతు "నాలుగు" అందుకుంది. ఆ గొంతు ఆమెతో పదేళ్లు ఏరిన ఎల్లమ్మది. ముప్పై దాకా ఇద్దరూ మార్చి మార్చి లెక్కపెట్టారు. అప్పుడు ఎల్లమ్మ లేచి వచ్చి, "సచ్చినవనుకున్న గదనే" అని ఆమె తల తన కడుపుకు ఆనించుకుంది. నేను రికార్డర్ కింద పెట్టేశాను. ఆపడం మాత్రం మర్చిపోయాను.

ఆ రాత్రే నా బాణీలన్నీ తీసేశాను. సినిమా చివరి రెండు నిమిషాల్లో ఉన్నది ఆ లెక్క ఒక్కటే. పోటీలో మాకేమీ రాలేదు. యాదగిరి ఇంట్లో చాప మీద కూర్చుని లక్ష్మమ్మ, ఎల్లమ్మ దాన్ని మూడుసార్లు విన్నారు. తర్వాత వారానికోసారైనా ఎల్లమ్మ వచ్చి ఆమెను మార్కెట్‌కు తీసుకుపోయేదని యాదగిరి చెప్పాడు. మేం చేసిన సినిమా వల్ల జరిగిన మంచి అదొక్కటే, నాకు అది చాలు. ఇప్పుడు అక్కడ పండ్ల మార్కెట్ లేదు, 2021లో ఊరి బయటికి వెళ్లిపోయింది. హైవే మీద మెట్రో నడుస్తోంది. ఆ గడ్డిలో కాయ పడిన మెత్తని చప్పుడు నా దగ్గర ఉంది గానీ, ఆ చోట లేదు.

మీరూ శబ్దాల కోసం ఇటు వస్తే, మెట్రోలో వచ్చి కొత్తపేట రైతుబజారు దగ్గర పొద్దున ఏడులోపు దిగండి. రికార్డర్ తీయకముందు పావుగంట ఊరికే కూర్చోండి. ఎవరి గొంతు తీసుకున్నారో వాళ్లకు హెడ్‌ఫోన్స్ పెట్టి వినిపించాకే బయలుదేరండి.