పళ్ళు లేని తాత, పళ్ళు రాని పిల్ల

మొన్న ఆదివారం పొద్దున పక్కింటి ముసలాయన కొడుకు మా వాకిట్లోకి వచ్చి, "కాకా, బాపు పోయిండు" అన్నాడు. అది కూడా చెప్పాల్సిన పని లేదు. తెల్లవారినప్పటి నుంచి గోడ అవతలి దగ్గు వినబడడం లేదు. వినబడని దగ్గు కోసం చెవి రిక్కించడం ముసలితనంలో వచ్చే అలవాట్లలో ఒకటి.

ఆయన చెరుకు బండి తోలిన మనిషి. రాజ్యాలు మారాయి గాని, రుద్రూరు పొలాల నుంచి బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి ఆయన బండి దారి మారలేదు. ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో మా ఊరి గాలికి ఒక వాసన ఉంటుంది. చుట్టాలు వస్తే ముక్కు మూసుకుంటారు. మేమైతే ఆ వాసన ఆగిపోతే ఏమైందోనని బయటికొచ్చి చూస్తాం. ఇంతకూ చెప్పొచ్చింది ఆయన పళ్ళ గురించి. కత్తి ముట్టకుండా గడను కొస నుంచి మొదలు దాకా చీల్చేవాడు. అటువంటి నోరు చివరికి ఖాళీ అయింది. సంత ఎత్తేసినా కదలని బేరగాడిలా ముందు పన్ను ఒక్కటే మిగిలింది.

అప్పుడే మా మనుమరాలికి పాలపళ్ళు ఊడుతున్నాయి. ఇద్దరూ ఆయన అరుగు మీద చెరుకు ముక్క ముందు పెట్టుకుని కూర్చునేవారు. ఇద్దరిలో ఎవరూ కొరకలేరు. నేను సొంత తాతను. కాని నా నోట్లో పళ్ళున్నాయి గనుక ఆ జట్టులో నాకు చోటు దొరకలేదు.

"మీ తాతకేం ఎర్క మన బాధ" అనేవాడు, నాకు వినబడేటట్టు.

"గాయినకేంది, కరకర నములుతడు" అనేది పిల్ల.

పిల్లల పన్ను ఊడితే పెండ ముద్దలో పెట్టి ఇంటిమీదికి విసరడం మా దగ్గర అలవాటు. కొత్త పన్ను తొందరగా వస్తుందట. ఆయనది క్రైస్తవుల ఇల్లు. ప్రతి ఆదివారం ప్రార్థనకు పోయే మనిషి ఇటువంటివి నమ్మడు. అయినా తన ఆ చివరి పన్ను ఊడిన రోజు పిల్ల పెండ తెచ్చి మొండికేస్తే, "ఎయ్యి బిడ్డా, పెంకులు పలగకుంట ఎయ్యి" అన్నాడు. అది అప్పుడే ఊడిన తన పన్నునూ ఆయన పన్నునూ ఒకే ముద్దలో పెట్టి విసిరింది.

దానికి వచ్చింది. ఆయనకు రాలేదు.

మేం నవ్వుకున్నాం. పిల్ల నవ్వలేదు. విసిరింది తన చెయ్యి గనుక తప్పు తనదే అనుకుంది. ఆయన అరుగు ఎక్కడం మానేసింది. తోటి పిల్లలు దారిన పోయే చెరుకు బండ్ల నుంచి గడలు గుంజుకొచ్చి ఇచ్చినా, కొత్త పళ్ళు పెట్టుకుని ముట్టేది కాదు. ఆయనేమో మా గుమ్మం వైపు చూస్తూ కూర్చునేవాడు.

"అలిగిందా?" అని ఒకరోజు నన్నడిగాడు. సంగతి చెప్పాను.

"పసిదాని మీద గింత బరువా" అని కట్టె పట్టుకుని లేచాడు. ఆయన మాట ఒకటుండేది: "ఎద్దునైతే ఎనకనుంచి తోలొచ్చు. పిల్లకు చెప్పాలంటె పక్కన కూసోవాలె." మా గడప మీద దాని పక్కనే కూర్చున్నాడు.

"నువ్వు మంచిగనే ఏసినవ్ బిడ్డా. నేనే అడగలె."

"ఎవర్ని?"

"దేవుణ్ణి. చిన్నప్పుడు ఒకపారి ఇచ్చిండు. అవి పోతే మళ్ల ఇచ్చిండు. మూడోపారి అడుగుడు మంచిగుంటదా?"

"ఎందుకుండది?"

"అందరికి సరిపోవాలె గద. నేను అడిగితే నీకు తక్కువైతయి."

పిల్ల నాలుకతో తన పళ్ళు తడుముకుంది.

"నాకోసమే అడగలేదా?"

"మరి?"

నేనైతే 'ముసలోళ్ళకు రావు' అని ఊరుకునేవాణ్ణి. అది నిజమే. ఆ నిజంతో పిల్లకేం పని?

మర్నాటి నుంచి పిల్లే గడను పళ్ళతో చీల్చి, ముక్కలు రోట్లో దంచి, బట్టలో పిండి, రసం గ్లాసుతో పట్టుకెళ్ళేది.

"గిదేం రసం పిల్లా, సగం పీచే ఉన్నది" అని దెప్పేవాడు.

"నకరాలు చెయ్యకు, తాగు."

మొన్న ఆదివారం ఆయనను మంచం మీద పడుకోబెట్టి తెల్లబట్ట కప్పారు. పిల్లను తీసుకుపోవద్దని మా ఇంట్లో అన్నారు, అది వినలేదు. పాట పాడుతున్న వాళ్ళ మధ్య నుంచి పోయి, ఆయన చెవి దగ్గర వంగి ఏదో చెప్పింది.

బయటికొచ్చాక అడిగాను. "ఏం చెప్పినవ్ తాతకు?"

"నాకు అన్ని వచ్చినయి, ఇగ తక్కువ గావు. పోంగనే నువ్వు అడుగు అని చెప్పిన."

నా వేలు పట్టుకుని నాలుగడుగులు నడిచింది. ఆగి, తను చెప్పింది ఆయనకు వినబడిందో లేదో అన్నట్టు, ఆ తలుపు వైపు తిరిగి చూసింది.