జేజి కంటికి రాని మనిషి

మా చిన్నప్పుడు... జేజి ముందు కంచం పెట్టగానే ఆమె చేయి తిండి మీదికి పోయేది కాదు. కంచం పైన గాల్లో మెల్లగా అటూ ఇటూ తడిమేది. "పసుప్పచ్చ పూలు పాపా... కంచం నిండా ఉండాయి. నిజమైనవేనా?" అని నన్ను అడిగేది. "పూలు లేవు జేజీ, సంగటే ఉంది" అంటే, "అట్లయితే సరేలే" అని తినేది.

జేజి అంటే మా నాయన వాళ్లమ్మ. మాది జమ్మలమడుగు దగ్గర పల్లె, గొర్రెలు మేపుకునే ఇల్లు. నీటికాసుల జబ్బుతో ఆమె రెండు కళ్లూ పోయాయి. ప్రొద్దుటూరు ఆసుపత్రికి తీసుకుపోతే, చేయి దాటిపోయింది, ముందే రావాల్సింది అన్నారు. వెలుగూ నీడా తప్ప ఇంకేమీ తెలియని ఆ మనిషికి, మరుసటి ఏడు నుంచి ఏవేవో కనపడటం మొదలైంది... పూలు, రంగురంగుల గళ్లు, జరీ తలపాగాలు చుట్టుకుని గోడ మీద కూర్చున్న జానెడు మనుషులు. ఒక్కరూ తెలిసినవాళ్లు కారు. ఒక్కరూ నోరు విప్పి మాట్లాడరు.

మా జేజి భయపడే రకం కాదు. ఒకరోజు నడిమింట్లో గొర్రెల మంద నిలబడి ఉందంది. మందను పిలవడానికి మా వాళ్లకు నాలుకతో వేసే కూత ఒకటి ఉంటుంది. ఆ కూత వేసి చూసింది. "ఒక్కటి తలెత్తలే. మనయి కాదు" అని తేల్చేసి వక్కాకు నమలడంలో పడింది. ఆ తర్వాత ఏది కనపడినా అదే పరీక్ష. మనుషులకు కూడా గొర్రెల కూతే... నాకు నవ్వు ఆగేది కాదు.

ఈ సంగతి ఎవరికీ చెప్పనని నాతో ఒట్టు వేయించుకుంది. "బయట తెలిస్తే గాలి సోకిందని యాపమండలతో కొడతారు పాపా" అనేది.

ఆ ఏడే ఎలక్షన్లు వచ్చాయి. మా చిన్నాయన తెల్లచొక్కా వేసుకుని పార్టీ పెద్దమనిషి జీపు వెంట పోయాడు... ఎదుటి పార్టీవాళ్లు నరికేస్తే శవమై ఇంటికొచ్చాడు. గొర్రెలు తోలుకునేవాడికి ఆ జీపుతో ఏం పని అని ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. జీపులో ముందు సీట్లో కూర్చున్నవాళ్లు మాత్రం చల్లగానే ఉన్నారు.

నెల తిరక్కముందే, వాకిట్లో తెల్లచొక్కా మనిషి ఒకడు నిలబడ్డాడంది జేజి. కూత వేసింది. వాడు కదల్లేదు. "ఎవురో పాపా, మనోడు కాదు. ఆ మొగం నేను యాడా చూడలే" అంది. అంతటితో మర్చిపోయింది.

నేను మర్చిపోలేదు. నా కడుపులో మాట దాగితే కదా... బడిలో పక్కన కూర్చునే పిల్లకు గొప్పగా చెప్పేశాను. సాయంత్రానికి ఊరంతా పాకింది. పాకేసరికి ఆ తెల్లచొక్కా మనిషి మా చిన్నాయన అయిపోయాడు. పగ తీరక గడప ముందు నిలబడి ఉన్నాడంట.

మరుసటి రోజు పొద్దున్నే పార్టీ మనిషి ఒకాయన జీపులో వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. మాకు వరసకు మామ. మా నాయనతో, "ఏందప్పా, తమ్ముడు వాకిట్లో నిలబడి అడుగుతాండాడంట. నువ్వు గొర్రెలు కాసుకుంటా కూచుంటావా? మనోళ్లంతా బయల్దేరినారు" అన్నాడు.

నాయన లోపలికి వచ్చి అటక మీది వేటకొడవలి దించాడు. అమ్మ ఆయన కాళ్లకు అడ్డం పడింది. నా నోటి వల్ల నాయన కూడా చచ్చిపోతాడని నాకు అర్థమైపోయింది. వెళ్లి జేజిని పట్టుకుని ఏడుస్తూ అంతా చెప్పాను.

జేజి నన్ను తిట్టలేదు. నా భుజం పట్టుకుని గడప దాకా వచ్చింది. ఎదురుగా ఎవరో ఉన్నట్టే చూసింది. ఆరోజు మాత్రం కూత వేయలేదు.

"నిజమే. ఉండాడు" అంది. "ఈడనే ఉండాడు నా కొడుకు. ఏమంటాండాడో ఇనండి. అన్నను పంపొద్దమ్మా అంటాండాడు. నేను పోయింది చాలు, అన్న కూడా పోతే మందను ఎవురు తోలాల అంటాండాడు."

మామ ఏదో అడగబోయాడు. "నన్నెందుకు అడుగుతావు, వాన్నే అడుగప్పా. నీ పక్కనే నిలబడినాడు" అంది జేజి. మామ అరుగు మీద నుంచి లేచి పక్కకు జరిగాడు. కాసేపటికి జీపు వెళ్లిపోయింది. నాయన వేటకొడవలి పడేసి జేజి కాళ్ల దగ్గర కూలబడ్డాడు. ఆయన ఏడవగా నేను చూసింది ఆ ఒక్కసారే.

మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు మెల్లగా అడిగాను. "జేజీ, నీకు కనపడేటోళ్లు మాట్లాడరు కదా?"

"మాట్లాడరు పాపా. వాడు రానేలేదు. ముక్కూమొగం తెలీనోళ్లంతా వచ్చి కూచుంటాండారు... నా బిడ్డ ఒక్కపొద్దన్నా రాలే. ఈపొద్దు వాని పేరు చెప్పి అబద్ధమాడ్తి. ఇంగ రాడులే" అంది.

బతికినన్నాళ్లూ ఆమెకు అదే దిగులు. రోజూ సాయంత్రం గొర్రెలు ఇల్లు చేరే వేళకు గడప వైపు తిరిగి కూర్చుని ఒక్కసారి ఆ కూత వేసేది. ఎవరి కోసమో నాకొక్కదానికే తెలుసు.

మొన్న అమ్మను ప్రొద్దుటూరులో కంటి డాక్టరమ్మకు చూపించాను. అమ్మకూ చూపు బాగా తగ్గింది. "లేనివి ఏమైనా కనపడతాంటాయా అమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ, ఎంతో మామూలుగా. అమ్మ తల దించుకుంది. ఇది పిచ్చీ కాదు, గాలీ కాదు, చూపు తగ్గినప్పుడు కొందరికి మెదడే బొమ్మలు చూపిస్తుంది, భయపడొద్దు అని చెప్పింది. నేను ఉండబట్టలేక అడిగాను... మనవాళ్లు కనపడరా అని. "ఎక్కువగా తెలియనివాళ్లే కనపడతారు. కావాలనుకున్నవాళ్లను రప్పించుకోవడం మన చేతిలో లేదు కదా" అంది.

తిరుగు బస్సులో నాకు ఏడుపు ఆగలేదు.

ఇప్పుడు మా ఊరికి ఆ జీపులు రావు. మా నాయన నిండా ముసలివాడై, మనవళ్లను ఎత్తుకుని, ఇంట్లోనే కన్నుమూశాడు... అదంతా జేజి ఆడిన ఆ ఒక్క అబద్ధం పుణ్యమే. అమ్మ రోజూ ఫోన్లో ఈరోజు ఏం పూలు కనపడ్డాయో నవ్వుతూ చెబుతోంది. మీ ఇళ్లలో కూడా చూపు తగ్గిన పెద్దవాళ్లు ఉంటారు. పక్కన కూర్చుని నెమ్మదిగా అడిగి చూడండి, వాళ్లేం చెప్పారో కింద రాయండి... నాకు చదవాలని ఉంది.

డాక్టరమ్మ చెప్పిన ఆ ఒక్క మాట అప్పుడు చెప్పేవాళ్లు ఎవరైనా ఉంటే ఎంత బాగుండేది. నీ కొడుకు నీ మీద అలిగి రాకపోవడం కాదు జేజీ... అని.