దెసాంకా లెక్క, జివాన్ గోడు

నోవి సాద్ ఊళ్ళో మా ఆఫీసు చిన్నది. పదకొండు మందిమి కలిసి ఫోన్లో ఆడే ఒక ఆట నడుపుతున్నాం. నది మీద ఇద్దరు ఎదురెదురుగా పడవలతో తలపడే ఆట. ఏ పడవ ఎంత జోరుగా పోవాలి, ఏ దెబ్బకి ఎంత నష్టం జరగాలి, ఇవన్నీ నిర్ణయించేది దెసాంకా. అంతకుముందు పదహారేళ్ళు స్కూల్లో లెక్కలు చెప్పింది. ఒక అంకె మార్చమంటే ఇప్పటికీ ముందు కళ్ళజోడు తీసి, ఎందుకని అడుగుతుంది. అందరూ అడుగుతున్నారన్నది ఆవిడ దృష్టిలో కారణమే కాదు.

నా పని ఆటగాళ్ళ ఫిర్యాదులు చదివి జవాబులివ్వడం. ఆరేళ్ళు పొద్దున్నించి సాయంత్రం దాకా తిట్లు చదివిన మనిషికి ఎంత ఓపిక మిగులుతుందో నాకూ అంతే మిగిలింది.

ఆ ఏడు సెప్టెంబరు నుంచి ఫిర్యాదులన్నీ తెడ్డు తాత మీదే. తాత మా ఆటలో ఒక ముసలి పడవవాడు. నెమ్మదిగా వస్తాడు, ఉన్నట్టుండి కొక్కెం విసిరి ఎదుటి పడవను లాగి ముంచేస్తాడు. వాడి బలం సగానికి తగ్గించండి, వాణ్ణి తీసి పారేయండి, వాణ్ణి తయారుచేసిన వాళ్ళని దునావ్ నదిలో ముంచండి అంటూ రోజుకి మూడొందల జాబులు వచ్చేవి. దెసాంకా తన పట్టిక తెరిచి చూపించేది. తాతని ఎంచుకుని ఆడేవాళ్ళు నూటికి నలభై ఎనిమిది ఆటలే గెలుస్తున్నారు.

"వాడు ఇప్పటికే గెలిచేదానికంటే ఓడేదే ఎక్కువ. ఇంకా ఎంత ఓడించమంటావ్?" అనేది నాతో. "తాతని ఎంచుకునేది ఎవరో తెలుసా రాత్కో? వేళ్ళు చురుగ్గా కదలని వాళ్ళు. వాళ్ళకున్నది ఈ ఒక్క పడవే. దాన్ని పాడుచేస్తే ఆట మానేసి పోతారు, నీకో ముక్క కూడా రాయరు. నోరున్న వాళ్ళ గోడే నీ దాకా వస్తుంది."

నేను తలూపేవాణ్ణి. అప్పటికే ఆటగాళ్ళంటే విసుగు పుట్టి ఉంది కాబట్టి ఒప్పుకోవడం తేలికయింది. హెచ్చరిక లేకుండా కొడుతున్నాడని రాసినవాళ్ళందరికీ ఒకటే జవాబు పంపేవాణ్ణి: హెచ్చరిక ఉంది, కాస్త గమనించి ఆడండి. పైకి మర్యాదగానే ఉండేది లెండి.

డిసెంబరులో మా యజమాని మిలోరద్‌కి ఓపిక నశించింది. ఒక శుక్రవారం అందర్నీ కూర్చోబెట్టి తేల్చేశాడు. ఇరవై మూడో తేదీ సోమవారం తాత బలం సగానికి తగ్గుతుంది. ఆ పైన ఏది పెంచాలో, ఏది తగ్గించాలో ఆటగాళ్ళే ఓట్లేసి చెబుతారు.

"మరి నేనేం చెయ్యాలి?" అంది దెసాంకా.

"ఓట్లు లెక్కపెట్టు. లెక్కలంటే నీకిష్టమేగా."

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "సోమవారం ఆ అంకె మారితే మంగళవారం నేను రాను మిలోరద్. ముందే చెబుతున్నా, తర్వాత అనుకోవద్దు."

ఆవిడ మాటంటే మాటే. ఆ వారం నాకు సరిగ్గా అన్నం సహించలేదు.

సరిగ్గా అప్పుడే నేనొక తెలివితక్కువ పని చేశాను. అపాతిన్ ఊరి నుంచి జివాన్ అని ఒకాయన రాస్తుండేవాడు. తాత మీద ఆయన ఒక్కడివే నూట నలభై జాబులు. మీ లెక్కలావిడతో ఎదురుగా మాట్లాడాలి, ఎప్పుడు కుదురుతుందని అడిగాడు. వదిలించుకుందామని, దెసాంకా గారికి తీరిక లేదు, పంతొమ్మిదిన టెలెప్ పేటలో వాళ్ళింట్లో స్లావా అని రాసి పంపేశాను. బుర్ర ఉన్నవాడెవడూ అలా రాయడు. స్లావా అంటే ఇంటిని కాచే సాధువు పండగ, దానికి మేం ఎవర్నీ పిలవం, వచ్చినవాణ్ణి పొమ్మనం. ఫలానా రోజు మా స్లావా అని చెప్పామంటే తలుపు తీసి పెట్టినట్టే.

పంతొమ్మిదిన మధ్యాహ్నం మేమంతా దెసాంకా ఇంట్లో చేపల పులుసు ముందు కూర్చున్నాం. మిలోరద్ కూడా వచ్చాడు. ఎంత గొడవపడ్డా స్లావాకి రాకుండా ఉండలేడు కదా. కాకపోతే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. ఇంతలో గుమ్మంలో అరవై ఏళ్ళ మనిషి ప్రత్యక్షమయ్యాడు. చంకలో వైన్ సీసా, చేతిలో కాఫీ పొట్లం.

"పండగ శుభాకాంక్షలమ్మా. దెసాంకా గారిల్లు ఇదేనా? ఈ వీధిలో నికోలా సాధువు పండగ చెయ్యని ఇల్లు లేదు. వెతుక్కుంటూ మూడిళ్ళలో తినేశాను. పొమ్మనరుగా ఎవరూ."

"ఇదేనండీ. మీరెవరు?"

"జివాన్‌ని. అపాతిన్ నుంచి."

నేను పులుసు గిన్నెలోకి తల దించేశాను. దెసాంకా నా వంక ఒక చూపు చూసి, ఉడికించిన తీపి గోధుమల గిన్నె ఆయన ముందుకు జరిపింది.

"ముందిది నోట్లో వేసుకోండి. తర్వాత తిడుదురుగాని."

"తిట్టడానికి రాలేదమ్మా, చూపిద్దామని వచ్చా." గోధుమలు తిని, నాలుగోసారి పులుసు కూడా తాగి, ఆయన ఫోన్ తీశాడు. "ఇదిగో, తాత వస్తున్నాడా. ఊరికే ఉన్నాడా. ఇప్పుడు చూడు. పోయింది నా పడవ. ఇందులో నేను చెయ్యాల్సిందేంటో చెప్పు, చేస్తాను."

"దగ్గాడు కదండీ. కొక్కెం విసిరేముందు తాత దగ్గుతాడు. అది వినగానే పక్కకి జరగాలి."

"దగ్గడమేంటమ్మా?"

దెసాంకా ఆయన ఫోన్ అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "మీరు చప్పుడు ఆపేసి ఆడుతున్నారా?"

"నేను లైబ్రరీలో కాపలావాణ్ణి. అక్కడ చప్పుడు చేస్తే ఊరుకుంటారా? ఇంట్లో మా ఆవిడా ఊరుకోదు. నేనేంటి, బస్సులో ఆడేవాళ్ళని చూడు, చప్పుడు ఎవరు పెట్టుకుంటారు?"

మేం పదకొండు మందిమీ హెడ్‌ఫోన్లు లేకుండా ఆ ఆట ఆడిన రోజు లేదు. ఆ దగ్గంటే మాకు గర్వం కూడా. మిలోరద్ స్వయంగా మైకు ముందు ఒక పూటంతా దగ్గి ఇచ్చాడు.

"అయితే నా దగ్గు ఎవరూ వినలేదా?" అన్నాడు మిలోరద్ పాపం.

దెసాంకా నవ్వలేదు. కుర్చీలో కూలబడింది. "వినేవాళ్ళు తప్పించుకుంటున్నారు, వినపడని వాళ్ళు మునిగిపోతున్నారు. నేను ఇద్దర్నీ కలిపి నలభై ఎనిమిదని కూర్చున్నాను," అంది. తర్వాత జివాన్ వైపు తిరిగి, "మీరు చెప్పింది నిజమేనండీ. మందు మాత్రం తప్పు చెప్పారు. తాత బలం తగ్గిస్తే మీకు కసి తీరేదేమోగానీ, దెబ్బ ఎక్కణ్ణుంచి వస్తోందో అప్పుడూ తెలిసేది కాదు," అంది.

"అదేమో నాకు తెలీదమ్మా. చెప్పకుండా కొట్టొద్దంటున్నాను నేను, అంతే," అన్నాడాయన.

నూట నలభై సార్లు ఆయన రాసింది ఆ ముక్కే. నూట నలభై సార్లూ, గమనించి ఆడండని జవాబు పంపింది నేను. ఆయన మొహం చూడ్డానికి నాకు సిగ్గేసింది.

మిలోరద్ రొట్టె ముక్క పక్కన పెట్టి దెసాంకా మొహం చూశాడు. "ఆ హెచ్చరిక కంటికి కనిపించేలా చెయ్యడం సోమవారానికి అవుతుందా?"

అయింది. ఇప్పుడు తాత కొక్కెం విసిరేముందు పడవ చుట్టూ నీళ్ళు ఎర్రగా సుడి తిరుగుతాయి. చెవిటివాడికైనా కనిపిస్తుంది. అందరూ తప్పించుకుంటే తాత మరీ ఓడిపోతాడని దెసాంకా ఆ పడవ చెక్కలు కొంచెం గట్టిపరిచింది. అంటే వాడి బలం తగ్గకపోగా కాస్త పెరిగింది. ఆ సంగతి ఏమీ దాచకుండా ప్రకటనలో రాయమంది. గుండె చిక్కబట్టుకుని రాశాను.

గురువారానికి మూడొందల జాబులు పంతొమ్మిదికి దిగాయి. తాత గెలుపు మళ్ళీ నూటికి నలభై ఎనిమిది దగ్గరే ఆగింది. తాతతో ఆడేవాళ్ళలో ఒక్కరూ మానేయలేదు. ఓట్ల ఊసు మిలోరద్ మళ్ళీ ఎత్తలేదు. నేను చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను.

ఆ పంతొమ్మిదిలో జివాన్ జాబు కూడా ఉంది. తీసుకెళ్ళి దెసాంకా ముందు పెట్టాను. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని పైకే చదివింది.

"అమ్మా, ఇప్పుడు ఓడిపోతే తప్పు నాదేనని స్పష్టంగా కనిపిస్తోంది. ఇది ఇదివరకటికంటే బాధగా ఉంది. అయినా ఏమీ మార్చకండి."