ధనశ్రీ కార్డుకి గంగాలమ్మ సాక్ష్యం

జాలరిపేటలోకి కొత్త మనిషి ఎవరైనా ఫైలు పట్టుకుని వస్తే, వీధి మొదట్లో నెత్తళ్ళ చేపలు ఎండబెట్టుకుంటూ కూర్చునే గంగాలమ్మను దాటి వెళ్ళాలి. దాటి వెళ్ళినవాళ్ళు తక్కువ. తొంభైల్లో పడవ మోటార్లకీ టీవీలకీ వాయిదాల మీద అప్పులిచ్చిన కంపెనీల మనుషులు వారానికొకరైనా వచ్చేవారు. ఏ పేరు అడిగినా గంగాలమ్మ తలెత్తి, కాసేపు ఆలోచించి, అలాంటివాళ్ళు ఈ పేటలో లేరని చెప్పేది. ఆ ఆలోచించడమే ముఖ్యం. వెంటనే చెబితే నమ్మరు. ఆ తర్వాత చెంబుతో మంచినీళ్ళిచ్చేది. ఎండలో తిరిగి వచ్చిన మనిషి ఆ నీళ్ళు తాగి, థాంక్సు చెప్పి వెళ్ళిపోయేవాడు.

ఆమె దీన్ని అబద్ధం అనుకోలేదు. ఎండుచేపల మీద వాలబోయే కాకిని తోలడం లాంటిదే ఇదీ అనుకునేది.

రెండువేల ఐదులో ఆమె మేనకోడలు ధనశ్రీకి క్రెడిట్ కార్డు కావలసి వచ్చింది. ధనశ్రీ డిగ్రీ చదివి, పోర్టు దగ్గర ఒక షిప్పింగు ఆఫీసులో కంప్యూటరు మీద పని చేసేది. జీతం నాలుగువేల రెండొందలు. ఆమె అన్న ఉమామహేష్ పడవకి మోటారు చేపల సావుకారు పెట్టుబడితో వచ్చింది. అందుకని ఏ చేప పడ్డా సావుకారికే, ఆయన చెప్పిన ధరకే పొయ్యాలి. ఆ బాకీ ఒకేసారి తీర్చేద్దామని ధనశ్రీ బ్యాంకుకి వెళితే లోను ఇవ్వలేదు. ఆఫీసులో లెక్కలు రాసే భీమశంకరరావుగారు, గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి, కారణం చెప్పారు.

"నువ్వు ఇంతవరకూ ఎక్కడా అప్పు చెయ్యలేదు కదమ్మా. అదే వచ్చిన చిక్కు."

"చెయ్యకపోతే మంచిదే కదండీ?"

"మంచిదే. కానీ బ్యాంకు లెక్కలో నువ్వింకా పుట్టలేదు. ముందు చిన్న కార్డు తీసుకో. నెలకి రెండొందలో మూడొందలో వాడు. గడువు తేదీకి ముందే మొత్తం కట్టెయ్. ఏడాది అలా చేస్తే లోను వాళ్ళే ఇస్తారు."

ఇంటికొచ్చి ఈ మాట చెబితే ఉమామహేష్ నవ్వాడు. గంగాలమ్మ నవ్వలేదు. కాలనీల్లో తట్ట దించి చేపలు అరువిచ్చేటప్పుడు ఆమె చేసేదీ అదే. కొత్తగా దిగిన ఇల్లాలికి మొదటివారం పావుకిలో చవక కవళ్ళు. అడక్కముందే డబ్బు చేతిలో పెడితే పై వారం అరకిలో. ఖరీదైన వంజరం ముక్క అరువు పుట్టాలంటే ఆరు నెలలు పట్టేది.

"బేంకోడికి బుర్రుందే. పెట్టు నీ కాగితం," అంది.

ధనశ్రీ కాగితం పెట్టింది. చిరునామా చూడ్డానికి మనిషి వస్తాడన్న సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఆమె ఇంట్లో చెప్పనూ లేదు.

రెండు వారాలకి మధ్యాహ్నం పూట హెల్మెట్ చంకలో పెట్టుకుని, ఫైలుతో ఒకతను వచ్చాడు.

"మైలపల్లి ధనశ్రీ ఇల్లు ఎక్కడండీ?"

గంగాలమ్మ తలెత్తింది. ఆలోచించింది.

"మైలపల్లోళ్ళు సానామందున్నారు బాబూ. ధనశ్రీ అంటే ఎవులూ లేరే."

పక్కన వల బాగుచేసుకుంటున్న చలమయ్యకి సాయం చెయ్యాలనిపించింది. "ఉండీది. పెళ్ళైపోయి పారాదీప్ ఎల్లిపోనాది."

"ఎప్పుడండీ?"

"రెండేళ్ళవుతాది. ఓ కొడుకు కూడాను."

అతను అంతా రాసుకుని, నీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. సాయంత్రం గంగాలమ్మ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునేంత విశేషం కాదు.

బ్యాంకు ఉత్తరం వచ్చాక ధనశ్రీ దాన్ని గుమ్మంలో నిలబడి చదివింది. ఆ చిరునామాలో ఆ పేరుగలవారు లేరని ఇరుగుపొరుగు చెప్పినందున కార్డు ఇవ్వలేమట.

"ఇరుగుపొరుగంటే ఎవులే?" అంది గంగాలమ్మ.

చలమయ్య వల మీదికి ఇంకాస్త వంగాడు.

"పేర్లు రాయలేదత్తా."

గంగాలమ్మ ఆరిన చేపల్ని మళ్ళీ తిరగేసింది. "నానే," అంది.

ధనశ్రీ ఉత్తరం మడిచి, "మూడు నెల్లు పోతేగానీ మళ్ళీ పెట్టకూడదంట. రెండోసారి కూడా లేదని రాస్తే మరింక పెట్టుకోనక్కర్లేదంట," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ మూడు నెలల్లో గంగాలమ్మ ఇల్లిల్లూ తిరిగి, ఈసారి ఫైలుతో ఎవరొచ్చి ధనశ్రీని అడిగినా ఉన్నాదనే చెప్పాలని చెప్పింది.

"మరి నాకోసం వొస్తే?" అన్నాడు చలమయ్య.

"నువ్వు లేవు."

"అదీ."

రెండోసారి కూడా అతనే వచ్చాడు. గంగాలమ్మ లేచి నిలబడింది. ఫైలుతో వచ్చిన మనిషి కోసం ఆమె లేవడం వీధి అంతవరకూ చూడలేదు.

"ధనశ్రీ నా మేనకోడలు బాబూ. మూడో ఇల్లు. రా, సూపిత్తాను."

అతను కదల్లేదు. పాత కాగితం తీసి చూసుకున్నాడు. "పారాదీప్‌లో ఉందన్నారు."

"అబద్ధం సెప్పినాం."

"కొడుకన్నారు."

"కొడుకు కూడా అబద్ధమే."

"అప్పుడు అబద్ధం చెప్పి, ఇప్పుడు నిజం చెబుతున్నారని నేనెలా రాయనమ్మా? రేపు మా ఆఫీసులో నన్నడుగుతారు."

గంగాలమ్మకి ఆ ప్రశ్నలో తప్పేమీ కనిపించలేదు. తను అరువిచ్చేటప్పుడూ అదే అడిగేది. ఈసారి నిజంగానే ఆలోచిస్తోంది.

"అయితే ఇదీ రాసుకో. తొంభయ్యారులో వాయిదాల మీద టేబులు ఫేను తీసుకున్నాను. మూడు వాయిదాలు కట్నేదు. ఆ కంపెనీ మనిషొచ్చి గంగాలమ్మెవులని నన్నే అడిగినాడు. సచ్చిపోనాదని సెప్పినాను. ఆ గంగాలమ్మని నానే. ఇది పిల్ల బాబుకి, మా తమ్ముడికి కూడా తెల్దు. నాకోసం వొస్తే రమ్మను, ఇక్కడే ఉంటాను. పిల్ల మాత్రం ఎవుల్దగ్గిరా రూపాయి ఎగ్గొట్నేదు."

చలమయ్య చేతిలో దారం ఆగిపోయింది. అప్పుడు ఆ ఫ్యాను కంపెనీ మనిషి ముందు, ఆమె మాటకి సాయంగా అతను ఏడ్చాడు కూడా. చచ్చిపోయింది ఎవరో మాత్రం అడగలేదు.

ఫైలతను ఫారం అటూ ఇటూ తిప్పాడు. "ఇది రాయడానికి గడి లేదమ్మా," అన్నాడు. "మీ పేరు చెప్పండి. సాక్షి కింద రాసుకుంటాను."

ఆమె ఇంటిపేరుతో సహా చెప్పింది. అతను మూడో ఇంటికి వెళ్ళి, రేషను కార్డు చూసి, ఉమామహేష్‌ని రెండు ప్రశ్నలడిగి వెళ్ళిపోయాడు.

నెలకి కార్డు వచ్చింది. పరిమితి ఎనిమిదివేలు. ధనశ్రీ జగదాంబ సెంటరు దగ్గర ఒక షాపులో చెప్పులు కొని, గడువుకి పదకొండు రోజుల ముందే కట్టేసింది. ఆ తర్వాత ప్రతి నెలా అంతే. కొనడానికేమీ లేని నెలలో సబ్బులు కొనేది. ఏడాది దాటాక బ్యాంకు ఇరవైవేలు ఇచ్చింది. సావుకారి బాకీ తీరింది.

ఆ మర్నాడు ఉమామహేష్ కవళ్ళు మొదటిసారి ఒడ్డున వేలానికి వచ్చాయి. సావుకారు బుట్టకి తొంభై ఇచ్చేవాడు. ఆ రోజు నూటనలభై దగ్గర నిలిచింది. గంగాలమ్మ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చి, తనకో బుట్ట నూటపాతికకి ఇమ్మని మేనల్లుడిని అడిగింది.

"కుదర్దత్తా. నూటనలభై."

"పోనీ రేపిత్తాను."

"ఇయ్యాలే ఇయ్యి."

ఆమె కొంగు ముడి విప్పి నోట్లు ఇచ్చి, తట్ట నెత్తికెత్తుకుని కాలనీ వైపు నడిచింది.