మక్కల్లో సున్నపు తేట

అత్వెల్లి దాటాక మేడ్చల్ రోడ్డు మీద, నాలుగు బల్లల ఆ హోటల్‌ను అందరూ ఓడ హోటల్ అనేవారు. యమున భర్త జైపాల్ ఆరేళ్లు ఓడ మీద వంట చేసి, రెండువేల నాలుగులో తిరిగొచ్చి దాన్ని పెట్టాడు. పెరుగును గుడ్డలో వేలాడగట్టి కీరా, వెల్లుల్లి కలపడం అతనికి ఓడలోని గ్రీసు దేశపు పెద్ద వంటవాడు నేర్పాడు. మక్కలను, అంటే మొక్కజొన్న గింజలను, సున్నపు తేటలో ఉడికించి, పొట్టు కడిగి, రుబ్బి రొట్టెలు చేయడం మెక్సికో మనిషి నేర్పాడు. ఆ రొట్టెలో కాల్చిన కోడిమాంసం పెట్టి, పైన ఆ పెరుగు వేసి ఇచ్చేవాళ్లు.

రొట్టెలు చేసేది ఈదమ్మ. అరవై దాటిన మనిషి. పాన్ అలవాటుంది కానీ, చేతులు కడిగే ముందే పాన్ సంచిని బయట గోడమీద పెట్టి వచ్చేది. సాయంత్రం దాకా దాన్ని ముట్టేది కాదు.

సున్నం డబ్బాను యమున మాత్రం ఎవరికీ కనబడనిచ్చేది కాదు. గోడలకు వేసేది తిండిలో వేస్తున్నారంటే జనం వస్తారా అని భయం. ఆమె బీఎస్సీ రసాయన శాస్త్రం చదివింది. తేట వల్ల హాని లేదని తెలుసు, కొలిచి పోసేదీ తనే. అయినా రెండేళ్ల కూతురు భవితకు ఆ రొట్టె ముక్క ఒక్కటీ పెట్టలేదు. పాల సీసాలను గడియారం చూసి ఇరవై నిమిషాలు మరిగించే తల్లి ఆమె. బిడ్డకు పప్పన్నం ఇంటినుంచే స్టీలు డబ్బాలో వచ్చేది.

ఒక మధ్యాహ్నం జైపాల్ సరుకులకు బోయిన్‌పల్లి వెళ్లాడు. మేడ్చల్ బడిలో పంతులుగా చేసి రిటైరైన రాజారావు చేయి కడుక్కోవడానికి వెనక్కి వెళ్లి, మూత తీసి ఉన్న డబ్బా చూశాడు. వంటింట్లో సున్నమేందని అందరూ వినేలా అడిగాడు.

"ఈదమ్మది సారూ," అంది యమున. "పాన్‌ల కేసుకుంటది."

మాట నోరు దాటాక గానీ అదేమిటో ఆమెకు తెలియలేదు.

"నోట్లె పాన్ పెట్టుకొని పిండి పిసుకుతదా?"

రాజారావు పళ్లెం ముట్టకుండానే బయటికి నడిచాడు. వెనకే ఇంకో బల్లవాళ్లూ లేచారు. ఈదమ్మ యమున వైపు ఒక్కసారే చూసింది. పిండి చేతులు కడుక్కుని, తనది కాని సున్నం డబ్బాను తనదే అన్నట్టు కొంగున కట్టుకుని వెళ్లిపోయింది.

మర్నాడు యమున బిడ్డను చంకనేసుకుని అత్వెల్లిలో ఆమె ఇంటికి వెళ్లింది. క్షమించమని అడగలేక, సారుకు తానే నిజం చెబుతానని మాత్రం అంది. ఈదమ్మ లోపలికి వెళ్లింది. డబ్బా తెచ్చి చేతిలో పెట్టి, తలుపు దగ్గరకేసి ఆమె వెంట హోటల్‌కు వచ్చింది.

రాజారావు ఆదివారం వచ్చాడు. ముసలమ్మను తీసేశారో లేదో చూడటానికే వచ్చానన్నాడు. యమున డబ్బా తెచ్చి అతని ముందు పెట్టింది. సున్నం మక్కలకేనని, ఈదమ్మకు సంబంధం లేదని, తానే అబద్ధమాడానని నాలుగు బల్లలూ వినేలా చెప్పింది. చెబుతుంటే చెవులు కాలిపోయాయి. మక్కలెలా ఉడుకుతాయో కూడా వివరించింది.

రాజారావు అంతా విని, గల్లా పక్కనున్న స్టీలు డబ్బాను, దాని ముందు కూర్చున్న భవితను చూశాడు.

"మరి నీ బిడ్డ తింటదా గీ రొట్టె?"

యమున చేయి స్టీలు డబ్బా మీదికి పోయింది.

"తినకేంది సారూ," అంది పెనం దగ్గరినుంచి ఈదమ్మ, తల తిప్పకుండానే. "రోజూ నా చేతితోనే పెడ్త."

రాజారావు తలూపి రెండు రొట్టెలు చెప్పాడు. యమున స్టీలు డబ్బాను గల్లా కిందికి తోసింది. ఈదమ్మ అతనికి రొట్టెలు ఇచ్చి, మూడోదాంట్లోంచి చిన్న ముక్క తుంచింది. బిడ్డకు పెట్టలేదు, తెచ్చి యమున అరచేతిలో ఉంచింది.

"సల్లారినంక పెట్టు బిడ్డా," అంది మెల్లగా.

భవిత నోరు తెరిచి చూస్తోంది. యమున తలెత్తకుండా ముక్కను ఊదుతూ కూర్చుంది. అది ఎప్పుడో చల్లారింది.